ఏడో తలుపు, ఆదెమ్మ ఎడమకాలు

రోజు 1

ఆదెమ్మ ఎడమకాలు తీసింది డాక్టరు అని వార్డు పుస్తకంలో రాశారు. అబద్ధం. తీసింది తలుపుల శాఖ. ఆ శాఖకి అధికారి గుణనిధి. పేరు పెట్టి మరీ రాస్తున్నాను. ఎందుకంటే సముద్రానికి అడ్డంగా కట్టిన, మేమంతా లోపలే కాపురముండే ఈ గోడలో తప్పులన్నీ ఎవరూ చెయ్యకుండానే జరిగిపోతుంటాయి. "తలుపు మూసుకుపోయింది" అంటారు. "నీళ్లు వచ్చేశాయి" అంటారు. ఎప్పుడు మూసుకోవాలో తలుపుకి నేర్పినవాడు ఒకడు ఉంటాడు కదా.

జరిగింది ఇది. ఆదెమ్మ, ఆమె తాడుజంట కన్నమ్మ నిన్న పొద్దున్న షిఫ్టు ముగించి ఏడో తలుపు దగ్గరికి వచ్చారు. సముద్రంలో తిరిగే యంత్రాల రెక్కల మీద నాచు, గుల్లలు గీకడం వాళ్ల పని. ఇద్దరేసి మనుషుల్ని ఒకే తాడుకి కట్టి దింపుతారు. ఒకరు జారితే రెండోవారు నిలబెట్టాలి. ఇరవై రెండేళ్లుగా ఆ ఇద్దరిదీ ఒకటే తాడు. ముందు ఆదెమ్మ గుమ్మం ముందు నేలలో బిగించిన పలక ఎక్కి ఎడమ, కుడి, ఎడమ అని మూడడుగులు నొక్కింది. తలుపు తెరుచుకుంది, దాటింది. కన్నమ్మ బూట్ల నిండా నాచు జిగురు. ఆమె అడుగుని పలక పోల్చుకోలేదు. వెనక, నీళ్ల వైపు గదిలో నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేశాయి. మూసుకుంటున్న తలుపుకి ఆదెమ్మ కాలు అడ్డం పెట్టి కన్నమ్మని జుట్టు పట్టుకుని ఇవతలికి లాగింది. తలుపు మాత్రం తన లెక్క తాను ముగించుకుంది.

మోకాలి కింద జానెడు మిగిలింది.

తలుపుల శాఖ సాయంత్రానికల్లా కాగితం పంపింది. "ఒంటికాలి నేరం: గుమ్మంలో ఒకే పాదం ఉంచుట." ఆపరేషన్ మత్తులో ఉన్న మనిషి తలగడ పక్కన పెట్టి వెళ్లారు.

నా పేరు నూకరత్నం. ఐదో అంతస్తు వార్డులో సాయం మనిషిని. ఇరవై ఏళ్లు. చదువు ఉతుకుల గదిలో నేర్చుకున్నాను, దుప్పట్ల మడతల్లో ఎవరో దాచి పంపే కరపత్రాలు చూసి. పదకొండు చదివాను. ప్రతిదీ రాసి పెట్టమని నాలుగోది చెప్పింది. అందుకే ఈ చిట్టా.

రోజు 3

మంచం కాళ్ల దగ్గర పట్టిక వేలాడదీశారు. కోలుకునే పట్టిక. పై అంతస్తు యంత్రం అచ్చు వేసి పంపుతుంది. పద్నాలుగో రోజు కుట్లు విప్పాలి. ముప్ఫయ్యో రోజు చెక్కకాలు కొలత. నలభై రెండో రోజు తలుపు పరీక్ష. దాని పక్కన రెండే గడులు. నెగ్గితే తొమ్మిదో అంతస్తు, అంటే ఆమె ఇల్లు. తప్పితే రెండో అంతస్తు, కూర్చునే పని.

రెండో అంతస్తులో పాత తాళ్లు విప్పి పీచు తీస్తారు. అక్కడ పనేమీ కష్టం కాదు. కష్టమల్లా తలుపు. రెండు పాదాల బరువూ సమంగా తగిలితేనే పలక పచ్చదీపాలు వెలిగించి తలుపు తీస్తుంది. ఒక్కసారికి ఒక్క మనిషినే. ఇంకొకరు మోసుకుని దాటిస్తామంటే ఒప్పుకోదు. కాలు లేనివాళ్లని సరుకుల తొట్టిలో దింపుతారు, చీటీ కట్టి. పైకి రావాలంటే మళ్లీ చీటీ కావాలి. మనుషుల్ని పైకి పంపే చీటీ ఇంతవరకు ఎవరూ చూడలేదు.

ఆదెమ్మకి ఇవాళే బాగా తెలివి వచ్చింది. పట్టిక చదివి వినిపించమంది. చదివాను.

"కన్నమ్మకి ఏటి రాసినారు?"

ఏమీ రాయలేదని చెప్పాను. జంట లేని మనిషిని రెక్కల మీదికి దింపరు. ఈమె కిందికి పోతే ఆమెకీ పని పోయినట్టే. అది పట్టికలో లేదు.

రోజు 4

మా పెద్దనర్సు సువార్తమ్మకి అరవై దగ్గర పడుతున్నాయి. మాట్లాడే ముందు కళ్లజోడు తుడుచుకుంటుంది. ఆ తుడుపు అయ్యేదాకా వార్డంతా ఊపిరి బిగబట్టాలి. ఇవాళ నాకు ఆదెమ్మని అప్పగించింది. మొండికాలికి కట్టు కింది నుంచి పైకి, ఏటవాలుగా అల్లుతూ కట్టాలి. చివర బిగువు, పైకి పోయేకొద్దీ వదులు. రోజుకి నాలుగుసార్లు విప్పి మళ్లీ కట్టాలి. మోకాలు ఎప్పుడూ చాపి ఉండాలి. పూటకి అరగంట బోర్లా పడుకోబెట్టాలి. మోకాలి కింద దిండు గానీ గుడ్డ గానీ ఏ పరిస్థితిలోనూ పెట్టకూడదు. చివరి మాట రెండుసార్లు చెప్పింది.

ఆదెమ్మ నొప్పికి పళ్లు కొరుకుతుంటే ఆవిడ మొహం చెక్కుచెదరలేదు. పై అంతస్తుల వాళ్లకి పనిచేసి పనిచేసి ఇలా అయిపోతారు కాబోలు.

రోజు 6

లేని కాలి బొటనవేలు దురద పెడుతోందని ఆదెమ్మ ఏడ్చింది. దుప్పటి మీద గీకమంది. అక్కడ ఏమీ లేదు, ఒట్టి దుప్పటి. గీకాను. "కొంచెం కిందకి" అంది. కొంచెం కిందికి గీకాను. "హమ్మయ్య" అంది. మనిషిని ఇంత వెర్రిదాన్ని చేసినవాళ్లు పైన ఎండ తగిలే గదుల్లో కూర్చుని పలకల లెక్కలు చూసుకుంటున్నారు.

సాయంత్రం నొప్పి ఎక్కువైంది. "ఓలే గుంటా, మోకాలి కింద ఏదైనా మెత్తగా పెట్టవే. అయిదు నిమిషాలే" అంది. సువార్తమ్మ మందుల గదిలో ఉంది. నేను కంబళి చుట్టి పెట్టాను. ఆమె మొహంలో గీతలు ఒక్కొక్కటే విడిపోయాయి. అయిదు నిమిషాలు అరగంటయింది. గుండ్రంగా చుట్టిన ఆ కంబళిని రౌండ్స్‌కి ముందే తీసేశాను.

సుఖం అడిగి తీసుకునేది కాదు, హక్కు. ఏడో కరపత్రంలో ఉంది.

రోజు 9

వార్డులోకి బయటివాళ్లని రానివ్వరు. కన్నమ్మ రోజూ మధ్యాహ్నం గాలి జాలీ అవతల నిలబడి మాట్లాడుతుంది. ఇనుప పట్టీల సందులో ఆమె ముక్కు, ఒక కన్ను తప్ప కనిపించవు. గొంతు మాత్రం గోడ కూలేటంత. ఇవాళ వాళ్లిద్దరూ పోట్లాడుకున్నారు. తన జుట్టు పట్టుకుని లాగినందుకు నెత్తి మీద రూపాయి బిళ్లంత బట్టతల వచ్చిందని కన్నమ్మ గొడవ. మిగిలినది కూడా పీకి ఉండాల్సింది, వయసు కనపడకుండా ఉండేదని ఆదెమ్మ.

కన్నమ్మ తమ తాడుని జాలీలోంచి దూర్చింది. మంచం కమ్మీకి ఆదెమ్మే కట్టుకుంది, వాళ్ల ముడి వేసి. నాకు అది విప్పడం రాదు. సువార్తమ్మ చూసింది. కళ్లజోడు తుడుచుకుంది. తాడుని అలాగే ఉంచి వెళ్లిపోయింది.

రోజు 13

ఈ గోడలో పుట్టినవాళ్లకి ఒక అలవాటు. పలక ఉన్నా లేకపోయినా, ఏదైనా తెరిచే ముందు ఎడమ, కుడి, ఎడమ నొక్కుతాం. స్నానాల గది పరదా దగ్గరా అంతే. ఇవాళ గంజి గిన్నె మూత తీసే ముందు ఆదెమ్మ దుప్పటి కింద కదిలింది. కుడి పాదం పైకి లేచింది. ఎడమ పక్క దుప్పటి కూడా లేచింది, సగం దాకా. ఆమె గిన్నె పక్కన పెట్టేసి గోడ వైపు తిరిగింది. గంజి చల్లారిపోయింది.

కంబళి ఇప్పుడు రోజుకి మూడుసార్లు పెడుతున్నాను. బోర్లా పడుకోబెట్టడం ఒకపూట మానేశాం. ఆమె వద్దంది. వద్దన్న మనిషిని బలవంతపెట్టడానికి నేను తలుపుల శాఖలో పనిచెయ్యడం లేదు.

రోజు 18

కుట్లు విప్పారు, గాయం పొడిగా ఉంది. సువార్తమ్మ స్టీలు పళ్లెం ఒకటి అద్దంలా తోమి తెచ్చింది. ఆదెమ్మ రెండు కాళ్ల మధ్య నిలబెట్టి, అందులో కుడికాలి నీడ చూస్తూ వేళ్లు ఆడించమంది. నీడలో ఎడమకాలు ఉన్నట్టే కనిపిస్తుంది. ఆదెమ్మ పదిసార్లు ఆడించింది. దురద తగ్గిందట. నేను మందుల మీద ఫిర్యాదు రాద్దామనుకుంటుంటే ఆవిడ వంటగదిలోంచి పళ్లెం ఎత్తుకొచ్చింది. కరపత్రాల్లో ఇలాంటివాళ్ల గురించి ఎక్కడా లేదు.

పట్టిక అడుగున పెన్సిలుతో కొత్త గడి గీసింది. "ఆదెమ్మ కోరేది" అని రాసి, ఏం రాయమంటావని అడిగింది. ఆదెమ్మకి అర్థం కాలేదు. ఇంతవరకు పట్టిక ఎవరూ ఆమెని అడిగి రాయలేదు మరి. మళ్లీ అడిగితే, "కన్నమ్మతోటి మళ్లీ తాడు కట్టించుకుంతాను. రెక్కల మీదకి కాకపోనా పర్లేదు, పైన తాడు పట్టుకునే పనికైనా" అంది. సువార్తమ్మ అక్షరం పొల్లుపోకుండా అలాగే రాసింది.

రోజు 24

ఇవాళ్టి సంగతి రాయాలని లేదు.

పొద్దున్న సువార్తమ్మ ఆదెమ్మని వెల్లకిలా పడుకోబెట్టి మోకాలి కింద చెయ్యి దూర్చింది. వెనక భాగం మంచానికి ఆనాలి. ఆనలేదు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు వేళ్లు దూరాయి. నొక్కి చూసింది. ఆదెమ్మ కేక పెట్టింది. మోకాలు చాపుకోవడం లేదు. వెనక నరాలు కురచైపోయాయి. వంగిన మోకాలితో చెక్కకాలు తొడిగితే బరువు నిలవదు, పలక పచ్చదీపం వెలిగించదు.

"దిండు పెట్టావా?" అంది నాతో.

లేదన్నాను. అనడమే కాకుండా, రోగిని ఇన్ని రోజులు నొప్పిలో వదిలేసి ఇప్పుడు తప్పు పనివాళ్ల మీదికి తోస్తున్నారని గట్టిగా మాట్లాడాను. పక్క మంచాలవాళ్లు లేచి కూర్చున్నారు. సువార్తమ్మ కళ్లజోడు తీసింది కానీ తుడవలేదు. మొండికాలి కట్టు మీంచి ఒక పోగు తీసి నా అరచేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ముదురు ఎరుపు ఉన్ని పోగు. కంబళిది.

రోజు 25

ఆదెమ్మకి చెప్పేశాను. మోకాలు అలా అయింది గాయం వల్ల కాదని, నేను పెట్టిన కంబళి వల్లేనని, పెట్టకూడదని నాకు ముందే చెప్పారని. నువ్వే అడిగావు కదా అనలేదు. అనాలనిపించింది.

ఆమె నన్ను ఓదారుస్తుందని ఎక్కడో అనుకున్నాను. అదీ రాస్తున్నాను.

"నొప్పికి నానడుగుతాను. కుక్కైనా అడుగుతాది" అంది. "తెలిసినదానివి నువ్వు. నీ మంచితనమంతా ఎల్లి నా మోకాల్లో గడ్డకట్టీసినాది."

తర్వాత కోపం తగ్గని గొంతుతోనే అడిగింది. "ఇంకెన్ని రోజులున్నాయే?"

పదిహేడు.

"అయితే బోర్లా తిప్పు."

రోజు 26 – 34

ఎక్కువ రాయడానికి తీరిక లేదు. పూటకి రెండుసార్లు బోర్లా. వెల్లకిలా తిప్పాక, బరువు కట్టడానికి చీలమండ లేదు కాబట్టి, మోకాలి పైన ఇసుక సంచి. సువార్తమ్మ తన చేత్తో నా చెయ్యి పట్టుకుని చూపించింది, ఎంత నొక్కాలో, ఎక్కడ ఆపాలో. అరిచేంత నొక్కకూడదు, అరవనంత వదిలెయ్యకూడదు. నేను నొక్కుతుంటే ఆదెమ్మ నన్నూ, నా ముందు ఏడు తరాలనూ తిడుతుంది. జాలీ అవతల నుంచి కన్నమ్మ తనకి తెలిసిన కొత్త తిట్లు అందిస్తుంది. కొన్ని నాకే అర్థం కాలేదు.

నాలుగు వేళ్లు మూడయ్యాయి. మూడు దగ్గర వారం ఆగిపోయింది. నేను ఆ వారం ఒక్క కరపత్రం కూడా చదవలేదు. సువార్తమ్మని క్షమాపణ అడిగాను. "కట్టు వదులైంది చూడు" అంది.

రోజు 38

చెక్కకాలు వచ్చింది. చెక్క గిన్నెలాంటి పైభాగం, ఇనుప కడ్డీ, రబ్బరు పాదం. ఆదెమ్మ దానికి కన్నమ్మ పేరు పెట్టింది. దానిదీ రబ్బరు మొహమేనని, ఎంత తిట్టినా చలనం ఉండదని. జాలీ అవతల నుంచి ఉమ్మిన చప్పుడు.

కమ్మీల మధ్య నాలుగడుగులు వేసింది. మోకాలి కింద రెండు వేళ్లు. సువార్తమ్మ వార్డులో రోగులకి అడుగులు అలవాటు చేసే పలకని తుడిచి తెచ్చింది. ఎడమ దీపం పచ్చగా వెలిగి, తలుపు మూడు అంకెలు లెక్కపెట్టేదాకా అలాగే ఉండాలి. ఆదెమ్మ నిలబడింది. ఒకటి. ఆరిపోయింది.

రోజు 41

ఒక వేలు. పచ్చదీపం రెండు అంకెల దాకా నిలుస్తోంది. మూడో అంకెకి మోకాలు వణికి బరువు కుడివైపుకి జారిపోతోంది. ఇంకో పది రోజులు చాలు అంటోంది సువార్తమ్మ. పది రోజులు కావాలని పైకి కాగితం పంపింది. జవాబు మధ్యాహ్నానికే వచ్చింది. పట్టికలో అలాంటి గడి లేదు.

ఆ పది రోజులు ఎక్కడ పోయాయో నాకు తెలుసు. కంబళి కింద ఉన్నాయి.

రోజు 42, మధ్యాహ్నం

గుణనిధి పొద్దున్న పదింటికి వచ్చాడు. ఇన్నాళ్లూ నేను ఊహించుకున్నది ఒక రాక్షసుణ్ణి. వచ్చింది పొట్టిగా, జలుబుతో, చేతిరుమాలు మడత పెట్టి జేబులో పెట్టుకునే మనిషి. మంచం దగ్గరికి వచ్చే ముందు నేల మీద మెల్లగా ఎడమ, కుడి, ఎడమ నొక్కాడు. అలవాటు. ఆదెమ్మని "ఎలా ఉన్నావమ్మా" అని అడిగాడు. నిజంగానే అడిగినట్టున్నాడు.

వార్డు తలుపు పలక మీదే పరీక్ష. ఆదెమ్మ చీర కుచ్చిళ్లు ఎగ్గట్టుకుని నడిచింది. ఎడమ. కుడి. ఎడమ. పచ్చదీపం. జాలీ అవతల కన్నమ్మ గట్టిగా లెక్కపెడుతోంది. ఒకటి. రెండు. ఆదెమ్మ మెడ నరాలు తాళ్లలా ఉబ్బాయి.

దీపం ఆరిపోయింది.

కన్నమ్మ "మూడు" అంది, వినపడీ వినపడనట్టు.

గుణనిధి తలుపు అందరికీ ఒకటేనని, తాను తలుపుకి చెప్పలేనని అన్నాడు. పట్టికలో రెండో గడి మీద గీటు పెట్టాడు. రేపు సాయంత్రం ఆరు గంటలకి, షిఫ్టు గంటతో పాటు, సరుకుల తొట్టిలో రెండో అంతస్తుకి. పది రోజులు ఆగమని నేను అరిచాను. మోకాలు అలా కావడానికి కారణం నేనేనని కూడా చెప్పాను. కావాలంటే నన్ను దింపమన్నాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. చీటీ మీద పెద్దనర్సు సంతకం పై అంతస్తులో పెట్టాలి, ముందు మీరు నడవండి అని సువార్తమ్మతో అన్నాడు.

సువార్తమ్మ కళ్లజోడు తుడుచుకుంది. పలక ఎక్కింది. ఎడమ చెయ్యి గోడకి ఆనించి, ఎడమకాలు పైకి ఎత్తింది.

తలుపు తెరుచుకోలేదు.

ఆయనకి ముందు అర్థం కాలేదు. కాలు దించమన్నాడు. దించలేదు. పలక మీద ఆమె ఉండగా ఇంకొకరికి దారి లేదు. నడిచి పోవడానికి వార్డుకి ఉన్నది ఒక్కటే తలుపు. గుణనిధి వార్డు చివరిదాకా నడిచాడు, తిరిగి వచ్చాడు, రుమాలు తీశాడు, జాలీ దాకా వెళ్లి బయటికి చూశాడు. అక్కడ కన్నమ్మ కన్ను. నలభై రెండు రోజులుగా ఆదెమ్మ చూస్తున్న గోడల్నే ఆయన పది నిమిషాలు చూశాడు. ఆయన నుదుటి మీద చెమట పట్టడం నేను చూశాను.

"తెరవండమ్మా" అన్నాడు చివరికి.

"నేను తెరవలేనండి. తలుపు అందరికీ ఒకటే కదా" అంది సువార్తమ్మ.

పన్నెండో నిమిషంలో ఆవిడ మోకాలు వంగిపోయింది. నేనూ ఆదెమ్మా పట్టుకున్నాం. ఆయన ఒంటికాలి నేరం రాసుకుని, మూడడుగులు నొక్కి, దాదాపు పరిగెత్తుకుంటూ దాటిపోయాడు.

పన్నెండు నిమిషాలు. ఒక్క ముసలి కాలు.

రోజు 42, సాయంత్రం నాలుగు

ఈ చిట్టా కాగితాలు ఒక్కొక్కటీ జాలీలోంచి కన్నమ్మకి అందిస్తున్నాను. ఆమె అంతస్తు అంతస్తుకీ చేరుస్తానంది. మీ చేతికి వచ్చేసరికి ఎవరెవరి బూట్లలోంచి వచ్చి ఉంటాయో, వాసనకి మన్నించండి. నా కంబళి సంగతి చింపెయ్యమని కన్నమ్మే చెప్పింది. చింపను. మొదటి పేజీలో తప్పు చేసినవాళ్ల పేరు ఒకటే రాశాను. రెండు ఉండాలి. గుణనిధి, నూకరత్నం. నా తప్పుకి పది రోజులు చాలు. ఆయన తప్పుకి మీరందరూ కావాలి.

తొట్టి కదలాలంటే దాన్ని నడిపే మనిషి కూడా పలక మీద నిలబడాల్సిందే. చీటీ తెచ్చేవాడూ తలుపు దాటాల్సిందే. ప్రతి పలక మీదా ఒంటికాలు ఉంటే ఏ తలుపూ తెరుచుకోదు. అడిగేవి రెండే. ఆదెమ్మ పట్టికలో పది రోజుల గడి. ఒంటికాలితో నిలబడ్డ మనిషి కూడా మనిషేనని పలకలకి నేర్పడం.

ఎలాగో చెబుతాను, జాగ్రత్తగా చదవండి. సరిగ్గా చెప్పిన మాట వినకపోతే ఏమవుతుందో నాకు తెలుసు. రెక్కల మీద పనిచేసే జంటలు, నీళ్ల వైపు గదుల్లో ఉన్నవాళ్లు ఐదున్నరకే లోపలికి వచ్చెయ్యండి. మీ అవతల ఎవరూ మిగల్లేదని చూసుకోండి. ఇంకొక కాలు పోకూడదు. ముసలివాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు గోడకి ఆనుకోండి. అలిసిపోతే దిగి, వెనకవాళ్లకి పలక ఇవ్వండి. ఎవరూ తలుపుల్ని కొట్టొద్దు, శాఖవాళ్లని తిట్టొద్దు. ఈ మాట నేను చెబుతున్నానంటే నాకే విడ్డూరంగా ఉంది.

ఆదెమ్మ వార్డు పలక మీద ఉంటుంది, చెక్కకాలు విప్పేసి. నడుముకి తాడు కట్టుకుంటానంటోంది. రెండో కొస జాలీలోంచి బయటికి, కన్నమ్మ నడుముకి. పక్కన సువార్తమ్మ, ఆ పక్కన నేను.

రేపు సాయంత్రం ఆరు గంటలకి, షిఫ్టు గంట మోగగానే, మీకు దగ్గరలో ఉన్న తలుపు దగ్గరికి రండి. పలక ఎక్కండి. ఎడమకాలు ఎత్తండి.